మోకా, మంచెయా?

జగిత్యాలనుండి కోరుట్లకుగాని, సిరిసిల్లవైపునకుగాని వేకువను ప్రయాణము చేయువారికి రెండు దృశ్యములు కానవచ్చును. ఒకచోట గీతకాడు తన నడుమును తాటిమ్రానును కలిపి మోకు చుట్టుకొని పైకెక్కుచుండును. ఇంకొకచోట మొక్కజొన్న చేనిలో రాత్రియంతయు అడవిపందులను అదలించిన రైతు మంచె దిగి యింటికి పోవుచుండును. ఒకడు త్రాటిని నమ్మినవాడు. వేరొకడు పలకను నమ్మినవాడు. నేలకు పైన నిలువదలచిన మనుష్యునకు ఈ రెండింటిలో ఏది మేలు?

ఈ ప్రశ్న మనకే పరిమితమైనది కాదు. అమెరికాలో విల్లమ్ములతో జింకలను వేటాడువారు నేడును దీనినే తర్కించుచున్నారు. కొందరు చెట్టుకు కట్టిన జీనువంటి పట్టీలో వ్రేలాడుచు కూర్చుందురు. కొందరు మ్రానుకు తేలికపాటి పీటను తగిలించి దానిపై నిలుతురు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక విల్లు మాట విడిచిపెట్టుదము. చెట్టు మాత్రము మనకు మిగిలినది.

మంచెవలన సుఖమున్నది. కాలు చాపుకొనవచ్చును, కునుకు తీయవచ్చును. అయితే ప్రమాదమును ఆ కునుకులోనే యున్నది. పలక మనుష్యుని మోయునే గాని, జారినవానిని పట్టుకొనదు. అందుచేతనే పీట వాడు వేటగాండ్రు కూడ ఒంటికి పట్టీలు తగిలించుకొనవలసినదే. పైగా దినమునకు పెక్కు చెట్ల నెక్కవలసిన గీతకాడు మంచెను వీపున మోసికొని తిరుగజాలడు.

మోకు పనిచేయు తీరును శ్రోతలు గమనింపవలెను. మనుష్యుడు వెనుకకు వాలినకొలది త్రాడు మ్రానును కరచుకొనును. మ్రానువైపు ఒరిగినచో వదులగును. అప్పుడే దానిని పైకి జరుపుకొని మరియొక అడుగు వేయును. ఎక్కుటకు ఉపకరించు ఆ వదులే, వానకు తడిసిన మ్రానుపై కాలు తప్పినపుడు ప్రాణాంతకమగును. మోకు నడుమునే పట్టును, తొడలను పట్టదు. మోకు చిక్కుకొని తలక్రిందుగా వ్రేలాడిన గీతకాండ్రను ఊరివారు దింపిన సంగతులు పత్రికలలో తరచుగా వచ్చుచున్నవి.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము అను పేరిట పరికరములను పంచ నారంభించినది. కాటమయ్య గౌడులు కొలుచు దైవము. పర్వతారోహకుల పద్ధతిలో దీనియందు తొడలకును పట్టీలు గలవు. పట్టు తప్పినను మనుష్యుడు కూర్చున్నట్లుగా నిలుచును. చెట్టుచెట్టునకు దీనిని కట్టి విప్పుటకు కాలము పట్టును. ఆ యిబ్బంది నిజమే. అయినను నా యభిప్రాయమున ఆ కాలము వ్యర్థము కాదు. ఒక్క సంగతి మరువరాదు: పట్టీలలో కదలక వ్రేలాడినవానికి నెత్తురు కాళ్లలో నిలిచి స్పృహ తప్పవచ్చును. కావున పిలిచిన పలుకు దూరములో ఒకరుండవలెను.

ఇక మంచెమీది రైతు సంగతి. అతడును నడుమునుండి గుంజకు ఒక త్రాడు కట్టుకొనవచ్చును. అది పలక అంచు దాటనీయనంత పొట్టిగా నుండవలెను. పొడుగైనచో పడినపుడు ఆ త్రాడే నడుమును విరుచును.