76 రోజులు, 3 రోజులు: పిల్సుద్‌స్కీ లెక్క

పోలండ్ ఏటా నవంబరు 11న స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకుంటుంది. 1918లో ఆ రోజు వార్సాలో జరిగింది ఒక అధికార బదిలీ. జర్మనీ, ఆస్ట్రియాలు నిలబెట్టిన పాలక మండలి సైన్యం పగ్గాలను యూజెఫ్ పిల్సుద్‌స్కీ చేతిలో పెట్టింది. ముందు రోజు పొద్దున్నే ఆయన జర్మన్ చెర నుంచి విడుదలై రైల్లో వార్సా చేరారు. అప్పటికి వయసు 50.

దేశాన్ని నిలబెట్టిన వీరుడని ఆయన్ను కొలిచేవాళ్లు ఉన్నారు. ప్రజాస్వామ్యాన్ని పడగొట్టారని నిలదీసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటకూ ఆధారం ఉంది. ఆరు అంకెలు పట్టుకుని నడిస్తే ఆ కథ అర్థమవుతుంది.

123 ఏళ్లు

రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795లలో మూడు విడతలుగా (1793లో ఆస్ట్రియా లేకుండా) పోలండ్‌ను పంచుకున్నాయి. మూడో పంపకంతో ఆ దేశం పటం మీద లేకుండా పోయింది. 1918 దాకా, అంటే 123 ఏళ్లు, అదే పరిస్థితి. పిల్సుద్‌స్కీ 1867 డిసెంబరు 5న విల్నియస్ దగ్గరి జూవూఫ్ గ్రామంలో పుట్టారు. 1863లో రష్యా మీద తిరగబడి ఓడిన తరం ఆయన తల్లిదండ్రులది. నిషేధించిన పోలిష్ సాహిత్యాన్ని తల్లి ఇంట్లోనే చదివించేది. 19 ఏళ్లకు, జార్ హత్యకు పన్నిన కుట్ర కేసులో చిక్కుకుని 5 ఏళ్లు సైబీరియా ప్రవాసం అనుభవించారు. లెనిన్ అన్నను ఉరితీసింది ఆ కేసులోనే.

2,00,812 రూబుళ్లు

తిరిగొచ్చాక సోషలిస్టు పార్టీలో చేరి రహస్య పత్రిక నడిపారు. 1900లో పట్టుబడ్డారు. పిచ్చి నటించి, ఆస్పత్రికి మార్పించుకుని, 1901లో అక్కడి నుంచి తప్పించుకున్నారు. శిక్షణ పొందిన సైన్యం లేకుండా తిరుగుబాటు చేస్తే ప్రాణాలు పోవడమే మిగులుతుందన్నది 1863 నేర్పిన పాఠం. సైన్యానికి డబ్బు కావాలి. 1908 సెప్టెంబరు 26న బెజ్దనీ స్టేషన్లో ఆయన బృందం రష్యా ఖజానా సొమ్ము తీసుకెళ్తున్న రైలును ఆపి 2,00,812 రూబుళ్లు ఎత్తుకెళ్లింది. ఆ రాత్రి దాడిలో పాల్గొన్నవారిలో నలుగురు తర్వాతి కాలంలో పోలండ్ ప్రధానమంత్రులయ్యారు.

సుమారు 150 మంది

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1914 ఆగస్టు 6న క్రాకోవ్ నుంచి రష్యా సరిహద్దు దాటిన ఆయన మొదటి దళంలో ఉన్నది ఇంతమందే. ఆస్ట్రియా నీడలో పోలిష్ దళాలు మూడు బ్రిగేడ్లుగా పెరిగాయి. అయితే 1917 జులైలో జర్మనీ కైజరుకు విధేయత ప్రమాణం చేయమన్నప్పుడు పిల్సుద్‌స్కీ తన సైనికులను వద్దన్నారు. ఫలితం మగ్దెబర్గ్ కోటలో ఖైదు. ఆ ఖైదే ఆయనకు మేలు చేసింది. జర్మనీ ఓడిపోయే వేళకు ఆయన జర్మన్ల మనిషన్న అనుమానం చెరిగిపోయింది.

76 రోజులు

నాకు అన్నిటికన్నా విలువైన అంకె ఇది. 1918 నవంబరు 11 నుంచి 1919 జనవరి 26 ఎన్నికల దాకా గడిచిన కాలం. దేశానికి స్థిరమైన సరిహద్దులు లేవు. మూడు సామ్రాజ్యాల చట్టాలు, నాణేలు వాడుకలో ఉన్నాయి. రష్యన్ పట్టాల వెడల్పు 1,524 మిల్లీమీటర్లు, జర్మన్ పట్టాలది 1,435. ఒకవైపు బండి మరోవైపు నడవదు. ఆ గందరగోళంలోనే నవంబరు 23న 8 గంటల పనిదినం, 28న 21 ఏళ్లు నిండిన స్త్రీపురుషులందరికీ ఓటు హక్కు ఆదేశాలుగా వెలువడ్డాయి. బ్రిటన్ ఆ ఏడాదే స్త్రీలకు ఓటిచ్చినా 30 ఏళ్లు నిండాలంది. వీలైన ప్రాంతాల్లో ఎన్నికలు జరిగాయి. ఫిబ్రవరి 20న ఆయన తన అధికారాన్ని పార్లమెంటు ముందు పెట్టారు. దేశాధినేతగా కొనసాగమని సభే కోరింది.

60 వేలకు పైగా బందీలు

సోవియట్ రష్యాతో సాగుతున్న యుద్ధంలో 1920 మేలో పోలిష్ సేనలు కీవ్‌లోకి వెళ్లాయి. సోవియట్ల ఎర్ర సైన్యం తిప్పికొట్టి ఆగస్టుకల్లా వార్సా గుమ్మంలోకి వచ్చింది. ఆగస్టు 16న వ్యెప్ష్ నది వైపు నుంచి పిల్సుద్‌స్కీ స్వయంగా నడిపిన ఎదురుదాడి శత్రువును పక్కనుంచి చీల్చింది. 60 వేలకు పైగా సోవియట్ సైనికులు పట్టుబడ్డారు. పోలండ్ సుమారు 4,500 మందిని పోగొట్టుకుంది. ఈ గెలుపు ఆయన ఒక్కరిదే కాదు. జనరల్ స్టాఫ్ అధిపతి రొజ్వదోవ్‌స్కీ వ్యూహరచన, సోవియట్ సంకేతాలను ఛేదించిన గణిత నిపుణుల శ్రమ అందులో ఉన్నాయి. 1921 మార్చి 18న యుద్ధాన్ని ముగిస్తూ రీగా ఒప్పందం కుదిరింది.

379 మంది

1922 డిసెంబరులో ఆయన అధికారాన్ని తొలి అధ్యక్షుడు నరుతోవిచ్‌కు అప్పగించారు. అల్పసంఖ్యాక వర్గాల ఓట్లతో గెలిచాడన్న ద్వేషంతో, ఎన్నికైన వారానికే ఒక జాతీయవాది నరుతోవిచ్‌ను కాల్చి చంపాడు. ఆ ద్వేషాన్ని రగిలించిన పార్టీలు గద్దెనెక్కడంతో పిల్సుద్‌స్కీ 1923లో తప్పుకున్నారు. 1926 మే 12న సైన్యంతో వార్సాలోకి తిరిగొచ్చారు. 3 రోజుల పోరులో 379 మంది చనిపోయారు, వారిలో 164 మంది మామూలు పౌరులు. పార్లమెంటు ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంటే వద్దన్నారు. కానీ పట్టు మాత్రం వదల్లేదు. 1930లో ప్రతిపక్ష నాయకులను బ్రెస్ట్ కోటలో బంధించారు. 1934లో బెరెజా కార్తుస్కాలో విచారణ లేని నిర్బంధ శిబిరం తెరుచుకుంది.

1926 పోరు మొదలైన సరిగ్గా 9 ఏళ్లకు, 1935 మే 12న, ఆయన కాలేయ క్యాన్సర్‌తో మరణించారు. దేహాన్ని క్రాకోవ్‌లోని వావెల్ కేథడ్రల్‌లో, గుండెను విల్నియస్‌లో తల్లి సమాధిలో ఉంచారు.

దారుణమైన అన్యాయం చూసి ఆయన కత్తి పట్టారనేవాళ్లు నరుతోవిచ్ హత్యను గుర్తుచేస్తారు. నిజమే, అది దారుణం. కానీ ఆ హత్యకు జవాబు 1918 నవంబరులో ఆయన ప్రజలకిచ్చిన ఓటులోనే ఉంది. 1926లో ఆయన ఆ ఓటును నమ్మలేదు. నవంబరు 11న జెండా ఎగరేసే దేశం జనవరి 26ను, మే 12ను కూడా తన పిల్లలకు చెప్పాలి. అప్పుడే ఆ మనిషి లెక్క పూర్తవుతుంది.