వాన ఎక్కువైతే రైతుకు నష్టమెందుకు?

వానలు దండిగా పడితే రైతుకు పండగే కదా! మరి 2023 జులైలో పాత వరంగల్ జిల్లా రైతులు తలలెందుకు పట్టుకున్నారు?

ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో జులై 27 ఉదయానికి 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో అంత వాన అంతకుముందెప్పుడూ నమోదు కాలేదు. గుట్టల మీద పడ్డ నీళ్లు ఆగవు, వాలు పట్టుకుని వాగుల్లోకి ఉరుకుతాయి. జంపన్నవాగు, మోరంచవాగు ఉప్పొంగాయి. మోరంచవాగు పక్కనున్న మోరంచపల్లి ఊళ్లో చాలామంది ఇళ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు.

అంత నీరు ఆకాశంలోకి ఎలా చేరుతుంది? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అదంతా ఒకేచోట కురిస్తే కుండపోతే! ప్రతి వరదనూ వాతావరణ మార్పు ఖాతాలోనే వేయలేం. కానీ భూమి వేడెక్కేకొద్దీ ఇలాంటి వానలకు అవకాశం పెరుగుతుంది.

అసలు కష్టం వరద తీసాకే మొదలవుతుంది. వాగు ఒడ్డు పొలాల్లో ఇసుక మేటలు వేస్తుంది. వరి నారు దాని కింద పూడిపోతుంది. సారవంతమైన పైమట్టి కొట్టుకుపోతుంది, మిగిలిన ఇసుకేమో నీటిని నిలపదు. ట్రాక్టర్లు పెట్టి తోడించాలంటే వేలకు వేలు కావాలి. నీళ్లు నిలిచిన పత్తి చేలో వేళ్లకు గాలి అందక మొక్కలు పసుపెక్కి వాలిపోతాయి. మళ్లీ విత్తుదామంటే అదను దాటిపోతుంది. కౌలు రైతుకైతే పంట పోయినా కౌలు బాకీ మిగిలే ఉంటుంది. పరిహారం చాలాసార్లు పట్టా ఉన్నవాళ్ల పేరు మీదే వస్తుంది.