ఘటోత్కచుని రూపభేదములు – పూర్వాపరసంగతి

ఒక కథ పెక్కుకాలము పెక్కుచేతులలో పెరుగునపుడు అందలి పాత్రల ఆకృతి మారుట సహజము. పాత్ర మానవుడైనచో ఆ మార్పు వేషభేదముగా సరిపెట్టుకొనవచ్చును. రాక్షసుడో, లోకాంతరవాసియో అయినచో ఆకృతియే జాతిలక్షణము గావున దాని మార్పు పూర్వాపరవిరోధమగును. ఈ విరోధమును కథకులు ఎట్లు పరిహరింతురో, ఆ పరిహారము ఎంతవఱకు చెల్లునో ఘటోత్కచుని పాత్ర ఆధారముగా పరిశీలింతము.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు ప్రాంతపు పల్లెలనుండి వచ్చి మాయొద్ద భారతము చదువు విద్యార్థులకు ఘటోత్కచుడనగానే 1957లో విడుదలయైన ‘మాయాబజార్’ చిత్రమున ఎస్. వి. రంగారావు ధరించిన రూపమే మనస్సున మెదలును: కిరీటము, భుజములపై వ్రేలాడు నొక్కుల జుట్టు, గద, గాంభీర్యముతోడి ప్రసన్నత. వ్యాసభారతపు ఆదిపర్వములోని శిశువు ఇట్టివాడు కాడు. వికృతమైన కన్నులు, పెద్దనోరు, మేకులవంటి చెవులు, ఎఱ్ఱని పెదవులు, వాడికోరలు గలవాడు. శిరస్సు కుండవలె నున్నది. దానిపై వెండ్రుకలు లేవు. ‘ఘట’, ‘ఉత్కచ’ శబ్దములు కలసి అతని పేరైనవి. ద్రోణపర్వమునకు వచ్చుసరికి నిక్కబొడుచుకొన్న రోమములును, పింగళవర్ణపు గడ్డమును చేరినవి. అనగా రూపపరిణామము మూలముననే మొదలైనది.

పేరు మాత్రము మారలేదు. ప్రత్తిపాడు పేరున ప్రత్తి వినబడును గాని మిరప వినబడదు. మిరప అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చిన పైరు. అది ఆ పొలములలో ఎంత విస్తారముగ పండినను గ్రామనామము ప్రత్తినే చెప్పుచున్నది. అట్లే జుట్టు పెరిగిన ఘటోత్కచుని నామము ఇంకను బోడితలకే సాక్ష్యమిచ్చుచున్నది. రూపచరిత్ర నెఱుగగోరు పరిశోధకునికి నామమే తొలి ఆధారము.

ఇట్టి చిక్కు నేటి వైజ్ఞానిక కల్పనాకథలకును కలదు. అమెరికాలో 1966లో ఆరంభమైన ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజన్ ధారావాహికయందు 1967లో ప్రవేశించిన క్లింగాన్ అను గ్రహాంతరజాతివారి నుదురు మనుష్యుల నుదుటివలె నునుపుగా నుండెను. 1979నాటి చలనచిత్రమున వారి నుదుట ఎముకల గట్లు మొలచినవి. చాలకాలము దీనికి కారణము చెప్పబడలేదు. 1996నాటి ఒక భాగమున ఈ భేదమును గూర్చి ప్రశ్నింపగా, ఆ జాతివాడే, ఇది పరులతో ముచ్చటించు విషయము కాదని తప్పించుకొనెను. 2005లో, ఒక జన్యుప్రయోగమువలన పుట్టిన వ్యాధి ఆ గట్లను మాపినదని కథలోనే హేతువు కల్పింపబడెను. 2017లో ఆ జాతివారు బోడితలలతో కనబడిరి; 2019లో జుట్టు తిరిగి వచ్చెను. యుద్ధము ముగిసినందున మరల పెంచుకొనిరని సమాధానము. మౌనము, హాస్యము, హేతుకల్పనము అని పరిహారమార్గములు మూడు.

మన కథకులకు ఈ శ్రమ లేదు. రాక్షసులు కామరూపులు. ఆదిపర్వమున హిడింబ భీముని వలచి మనోహరమైన మానవరూపము దాల్చెను. ‘మాయాబజార్’ దీనిని ఇంకను ముందునకు గొనిపోయినది. శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుడుగా, గుంటూరు జిల్లా చిర్రావూరున జన్మించిన సావిత్రి నటించినది. ఆకృతి కన్యది, నడకయు, చూపును, దర్పమును ఘటోత్కచునివి. అది ఎవరో గుర్తించుటకు ప్రేక్షకునికి క్షణము పట్టదు. రూపము సమూలముగ మారినను స్వభావము నిలిచినచో విరోధము లేదని దీనివలన తేలుచున్నది.

అసలు చిక్కు మఱియొకచోట నున్నది. చిత్రమున శ్రీకృష్ణుడు ఘటోత్కచునికి ఆప్తుడు. శశిరేఖాపరిణయకథ వ్యాసభారతమున లేదు. అందలి ద్రోణపర్వమున కర్ణుడు ఇంద్రదత్తమైన శక్తితో ఘటోత్కచుని గూల్చగా పాండవులు విలపించిరి. కృష్ణుడు హర్షించి నర్తించెను. ఆ శక్తి వ్యయమై అర్జునునికి ప్రాణభయము తొలగెనన్నది ఒక కారణము. యజ్ఞద్వేషియగు ఆ రాక్షసుని ఎన్నడో తానే వధింపవలసి వచ్చెడిదని కృష్ణుడు పలికినది రెండవది. రంగారావు రూపమునకు అలవడిన విద్యార్థికి ఈ ఘట్టము దుస్సహము. ఇది ప్రక్షిప్తమై యుండునని త్రోసివేయ మనస్సగును. కామరూపవాదము జుట్టునకు సమాధానము చెప్పగలదు గాని కృష్ణుని హర్షమునకు చెప్పజాలదు.

అట్లని, ఆ పాత్రపై మనకు గల వాత్సల్యము చలనచిత్రము కల్పించినదనుటయు పొరపాటు. అరణ్యపర్వమున అలసిన ద్రౌపదిని మోసికొనిపోయినవాడు ఈ ఘటోత్కచుడే; తండ్రి తలచినంతనే వచ్చి నిలిచినవాడును ఇతడే. ఒకే గ్రంథమున అతడు ప్రియపుత్రుడును, వధార్హుడగు రాక్షసుడును అయి యున్నాడు. చిత్రము మొదటి ముఖమును తీర్చిదిద్ది, రెండవదానిని విడిచినది. అది కళాకారుల స్వాతంత్ర్యము. ఉపాధ్యాయునకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఏ రూపము ఏ కాలమున ఏ రచనయందు పుట్టినదో వేర్వేరుగ చూపి, సంధి కుదురనిచోట కుదురలేదని చెప్పుటయే అతని ధర్మము. బలవంతముగ అతికినచో పోవునది విరోధము మాత్రమే కాదు. కన్నబిడ్డవలె మెలగినవానిని పరజాతివాడుగనే చూచిన ఆ కావ్యపు కఠోరసత్యముకూడ మరుగున పడును.