చోటు పంచే పెద్ద

మొన్న మన సంఘం పఠనాలయంలో ఒక చిన్న సంఘటన జరిగింది. పాత మినిట్సు పుస్తకాలు చెదల పాలు కాకముందే వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని పెద్దలు అనుకున్నారు. ఆ పని మా నెత్తిన పడింది. పుటలన్నిటికీ ఫోటోలు తీయించి, తాతల నాటి గొలుసుకట్టు రాతను కళ్లు చికిలించుకొని చదువుతూ, రెండు గంటల పాటు టైపు చేసినాము. ఇంతలో తెర మీది ప్రోగ్రాము ఉన్నట్టుండి మాయమయింది. హెచ్చరిక లేదు, చప్పుడు లేదు. యంత్రం మాత్రం ఏమీ ఎరగనట్టు నిక్షేపంగా నడుస్తూనే ఉన్నది. మా రెండు గంటల శ్రమ గంగలో కలిసింది.

యంత్రం చెడిపోయిందనే అనుకున్నాము. ఇంజనీరింగు చదువుతున్న మన సభ్యులవారి అబ్బాయి ఒకడు వచ్చి, యంత్రం తనకు తాను రాసుకునే దినచర్యను తెరిచి చూపినాడు. అందులో ఒక వాక్యం ఉన్నది. దాని భావం ఇది: మెమరీ నిండుకున్నది, ఫలానా నంబరు గల ప్రోగ్రామును చంపడమైనది.

"యంత్రం చెడలేదు, బాబాయిగారూ. తాను బతకడానికి మీ పనిని బలి పెట్టింది" అన్నాడు.

మన ఇళ్లలో బియ్యం అయిపోతే 'లేవు' అనరు, 'నిండుకున్నవి' అంటారు. ఆ మాట ఇక్కడ రెండు విధాలా అతికింది. యంత్రంలో చోటంతా నిండింది, ఇవ్వడానికి చోటు నిండుకున్నది. అయితే ఆ చోటును పంచేవారెవరు? ఏ లెక్కన పంచుతారు? బలికి ఎవరిని ఎంచుతారు? మా కోపం చల్లారిన తరువాత ఈ ప్రశ్నలు మిగిలినవి. చదివి, అడిగి తెలుసుకున్నదానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

కెర్నలు ఎవరు?

కంప్యూటరులో మనకు కనిపించే ప్రోగ్రాములన్నీ సత్రంలో దిగిన బాటసారుల వంటివి. గదులు ఇచ్చేవాడు, తాళాలు పుచ్చుకునేవాడు, ఒకరి గదిలోకి మరొకరిని పోనీయకుండా కాపు కాసేవాడు వేరే ఉన్నాడు. అతని పేరు కెర్నలు. మన పఠనాలయం యంత్రంలో ఉన్నది లైనక్స్ అనే కెర్నలు. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని మొదలుపెట్టినాడు. మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనుల లోపల కూడ ఇదే ఉన్నది.

సత్రానికి గదులెట్లాగో మెమరీకి 'పేజీలు' అట్లాగు. సాధారణంగా ఒక్కొక్క పేజీ 4,096 బైట్లు. 8 గిగాబైట్ల యంత్రంలో ఇటువంటివి 20,97,152 పేజీలు. లెక్క చూస్తే అక్షయపాత్ర అనిపిస్తుంది, కాని అడిగేవారూ తక్కువ కాదు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. చోటు పంచే ఈ పెద్దకు తన సంసారం కూడ ఒకటి ఉన్నది. మనం ఒక ఫైలు తెరిచినా, కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టినా, బయటి నుంచి ఒక సందేశం వచ్చినా, దాని వివరం రాసుకోవడానికి కెర్నలుకు చోటు కావాలి. ప్రోగ్రాము తప్పు చేస్తే అది ఒక్కటే పోతుంది, దాని చోటంతా కెర్నలు వెనక్కి తీసుకుంటుంది. కెర్నలే తాను తీసుకున్న చోటును మరచిపోతే అడిగే దిక్కు లేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ చోటు పోయినట్టే. కనుకనే కెర్నలు లోపలి పంపకం అంత జాగ్రత్తగా జరగవలసి ఉన్నది.

జంట గదుల పద్ధతి

సత్రంలో పది గదులు ఖాళీగా ఉన్నవనుకుందాము. మగపెళ్లివారు వచ్చి ఎనిమిది గదులు వరుసగా కావాలన్నారు. ఖాళీలేమో అక్కడొకటి, ఇక్కడొకటి. పది ఉండీ ఎనిమిది ఇవ్వలేని దుస్థితి! మెమరీకి కూడ ఈ ముక్కచెక్కల జబ్బు ఉన్నది.

దీనికి కనిపెట్టిన మందు జంట పద్ధతి. పదహారు గదుల వసారా ఒకటి ఉన్నది. ఒకరికి మూడు గదులు కావాలి. మూడుకు పైన ఉన్న రెట్టింపు లెక్క నాలుగు. కాబట్టి పదహారును ఎనిమిది, ఎనిమిదిగా చీల్చి, అందులో ఒక ఎనిమిదిని నాలుగు, నాలుగుగా చీల్చి, ఒక నాలుగును ఇస్తారు. వారు ఖాళీ చేసినప్పుడు దాని జంట నాలుగు ఖాళీగా ఉన్నదా అని చూస్తారు. ఉంటే రెండూ కలిసి ఎనిమిది అవుతవి. ఆ ఎనిమిది జంట కూడ ఖాళీ అయితే పదహారు అవుతవి. జంట ఎవరో వెతకనక్కర లేదు, గది నంబరులోనే తెలిసిపోతుంది. మామూలు యంత్రాలలో లైనక్స్ ఈ విధంగా ఒక పేజీ మొదలు 1,024 పేజీల దాకా, అనగా 4 మెగాబైట్ల దాకా, ముక్కలు చేసి ఇస్తుంది.

ఈ పద్ధతిని 1965లో కెన్నెత్ నోల్టన్ అనే అమెరికను ప్రచురించినాడు. అంతకు రెండేండ్ల ముందే, 1963లో, హారీ మార్కోవిట్జ్ దీనిని వాడినాడట. డబ్బును ఒకే చోట పెట్టక నలుగురి మధ్య పంచి పెట్టే శాస్త్రానికి 1990లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందినది ఈయనే. పంపకం తెలిసినవాడు ఎక్కడైనా పంచగలడు కాబోలు!

అయితే వసారా నడుమ ఒక గదిలో కదలని ముసలాయన ఒకడు తిష్ఠ వేస్తే చాలు, జంటలు కలియవు. కెర్నలు తన సొంతానికి పుచ్చుకున్న పేజీలు చాలావరకు ఇట్లా కదలనివే. అందుకని 2008లో వచ్చిన 2.6.24 సంచిక నుంచి లైనక్స్ కదిలేవారిని ఒక వైపు, కదలనివారిని మరొక వైపు కూర్చుతున్నది.

కడిగి పేర్చిన కంచాలు

గదులు సరే, చిన్న అవసరాల మాటేమిటి? గ్లాసు పెట్టుకోవడానికి గది ఇస్తామా? కెర్నలు అడిగేవాటిలో నూరు, రెండు వందల బైట్లవే ఎక్కువ. వీటికి తగిన ఉపాయాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పనిచేసిన జెఫ్ బాన్విక్ 1994లో ప్రకటించినాడు.

మన కల్యాణమంటపం వంటశాలనే చూడండి. బంతి బంతికీ కంచాలు కొత్తగా కొనము. ఒక బంతి లేవగానే కడిగి, తుడిచి, దొంతర పేర్చి ఉంచుతాము. పెద్ద కంచాల దొంతర వేరు, గిన్నెల దొంతర వేరు. అడగగానే పైది తీసి ఇస్తాము. బాన్విక్ గమనించినదీ ఇదే. చోటు వెతకడం కన్న దానిని శుద్ధి చేసి సిద్ధం చేయడానికే తరచు ఎక్కువ కాలం పడుతున్నది. కనుక ఒకసారి సిద్ధం చేసినదానిని చెరపక దాచి ఉంచడం మేలు. ఈ దొంతరలకు 'స్లాబు' అని పేరు పెట్టినాడు.

లైనక్స్‌లో ఫైలు పేర్లను గుర్తుంచుకునే వస్తువు ఒకటి 192 బైట్లు ఉంటుంది. 4,096 బైట్ల పేజీలో అవి 21 పడతవి, 64 బైట్లు మాత్రమే మిగులుతవి. ఏ దొంతరకూ చెందని అడకలకు 64, 96, 128, 192 అని కొలపాత్రలు ఉన్నవి. నూరు బైట్లు అడిగితే 128 పాత్ర ఇస్తారు. 28 వృథా. అయినా వేగం కోసం ఆ మాత్రం సహించవలసిందే.

లైనక్స్‌లో ఈ దొంతరల పద్ధతులు ఒకప్పుడు మూడు ఉండేవి. 2007లో క్రిస్టోఫ్ లామీటర్ తెచ్చిన స్లబ్ అనేది లెక్కల బరువు తగ్గించి, వడ్డించేవారు ఒకరికొకరు అడ్డం రాకుండ ప్రతి ప్రాసెసరుకూ సొంత దొంతర చేతికిచ్చింది. తక్కిన రెండింటిలో ఒకటి 2023లో, రెండవది 2024లో సెలవు పుచ్చుకున్నవి. ఇప్పుడు మిగిలినది స్లబ్ ఒక్కటే.

బియ్యం డబ్బా గీతలు

తెలివిగల ఇల్లాలు బియ్యం డబ్బా అడుగు కనపడేదాకా ఆగదు. కెర్నలు కూడ ఖాళీ చోటుకు మూడు గీతలు గీసుకుంటుంది. నిలువ నడిమి గీతకు దిగగానే లోపలి సేవకుడు ఒకడు నిద్ర లేచి, అవసరం లేని పేజీలను ఖాళీ చేయడం మొదలుపెడతాడు. డిస్కు నుంచి మళ్లీ చదువుకోదగినవాటిని పారేస్తాడు, తక్కినవాటిలో కొన్నింటిని డిస్కు మీదికి తరలిస్తాడు. నిలువ పై గీతకు చేరిన తరువాత మళ్లీ పడుకుంటాడు. అడుగు గీతకు దిగితే మాత్రం అడిగినవాడే నడుము వంచి చోటు వెతుక్కోవాలి.

కాని ఆగడానికి వీలులేనివారు కొందరు ఉన్నారు. బయటి నుంచి సందేశం వచ్చి తలుపు తట్టినప్పుడు దానిని అందుకునే కెర్నలు పనివాడు నిద్రపోరాదు. ఇస్తే ఆ క్షణాన ఇవ్వాలి, లేకుంటే లేదనాలి. అటువంటివారి కోసమే అడుగు గీత కింది నిలువ. కరువులో కూడ పురిటింటికని దాచిన గింజల వంటిది అది.

ఇచ్చినదానిని మళ్లీ ముట్టరాదు

కెర్నలు రాసేవారిని ఎక్కువగా భయపెట్టే తప్పు వేరొకటి. కంచం కడగడానికి ఇచ్చేసి, అది వేరొకరి ముందుకు వెళ్లిన తరువాత దానిలో చేయి పెట్టడం! అందులో ఇప్పుడున్నది ఎవరి అన్నమో తెలియదు. దుర్మార్గుడు ఈ తప్పును కనిపెట్టి, ఆ కంచంలో తనకు కావలసినది పెట్టి, యంత్రాన్నే వశం చేసుకోగలడు.

2016 జనవరిలో ఇటువంటిది ఒకటి బయటపడింది. తాళపుచెవులు దాచే భాగంలో, ఒక వస్తువును ఎందరు పట్టుకొని ఉన్నారో చూపే లెక్క ఒకటి ఉన్నది. ఒక దారిలో ఆ లెక్క పెరగడమే గాని తగ్గడం లేదు. సుమారు 429 కోట్ల సార్లు పెంచితే అంకెలు చాలక మళ్లీ సున్నకు వస్తుంది. సున్న అయింది గనుక ఎవరూ పట్టుకోలేదని నమ్మి, పట్టుకున్నవారు ఉండగానే కెర్నలు దానిని ఖాళీ చేసేది. 2013 నాటి 3.8 సంచిక నుంచి ఈ లోపం లోపలే దాగి ఉన్నది. ఒక్క లెక్క తగ్గించడం మరచినందుకు ఇంత ముప్పు!

బలి ఎవరు?

ఇక మా కథకు వస్తాము. పెళ్లికి వేయిమందిని పిలిచి, ఆరు వందల మందికే వండించేవారు ఉన్నారు. పిలిచినవారంతా రారని వారి ధైర్యం. కెర్నలు ధోరణి కూడ ఇదే. ప్రోగ్రాములు అడిగినదంతా వాడవని ఎరిగి, ఉన్నదానికన్న ఎక్కువకే మాట ఇస్తుంది. తరచుగా ఇది చెల్లుతుంది. ఒకనాడు మాత్రం వేయిమందీ వస్తారు. సేవకుడు ఎంత వెతికినా చోటు దొరకదు. అప్పుడు కెర్నలు ప్రతి ప్రోగ్రాముకూ మార్కులు వేస్తుంది. ఎవరి చేతిలో చోటు ఎక్కువ ఉంటే వారికి ఎక్కువ మార్కులు. హెచ్చు మార్కులు వచ్చినవాడే బలి.

ఈ న్యాయాన్ని 2004లో ఆండ్రీస్ బ్రౌవర్ ఎగతాళి చేసినాడు. ఇంధనం తక్కువ పోసుకొని ఎగిరే విమానాల కంపెనీ, ఇంధనం చాలనప్పుడు ఏ ప్రయాణికుణ్ణి బయటికి తోయాలా అని ఆలోచించడం వంటిదన్నాడు. ఎగతాళిలో నిజం లేకపోలేదు. కాని ఒకరిని తోయకపోతే అందరూ పడిపోయే గడియ వచ్చిన తరువాత వేరే దారి ఏమున్నది? యజమాని కోరితే ఫలానా ప్రోగ్రామును ముట్టవద్దని మైనస్ 1,000 మార్కుల అభయం ఇవ్వవచ్చును. మాట మించి ఇవ్వవద్దని కట్టడి కూడ చేయవచ్చును. ఈ రెండూ మేము చేసి ఉండలేదు.

మరి ఆ రోజు హెచ్చు మార్కులు మా ప్రోగ్రాముకే ఎందుకు వచ్చినవి? అబ్బాయి నవ్వుతూ చెప్పినాడు. మినిట్సు పుస్తకం పుటల ఫోటోలు మొత్తం ఒకేసారి అందులోనే తెరిచి పెట్టుకున్నది మేమే! చూసిన పుటను మూయలేదు, టైపు చేసినదానిని భద్రపరచనూ లేదు. కెర్నలు తన ధర్మం తాను చేసింది.

ఇప్పుడు ఒక్కొక్క పుటే తెరుస్తున్నాము. అది ముగియగానే భద్రపరచి, మూసి, తరువాతిది తీస్తున్నాము. పని నెమ్మదిగానే సాగుతున్నది గాని, మళ్లీ ఒక్క వాక్యం కూడ పోలేదు. చోటు నలుగురిదీ అయిన చోట, వాడుకున్నది వెంటనే తిరిగి ఇచ్చేవాడే నిశ్చింతగా ఉంటాడు. సత్రాలు కట్టించిన మన పెద్దలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.