“ఇష్టంతోనే వచ్చాను” అన్నప్పుడు

వ్యభిచార గృహం మీద పోలీసులు దాడి చేసి విడిపించిన అమ్మాయి చాలాసార్లు ఒకే జవాబు చెబుతుంది: “నాకు పద్దెనిమిది దాటాయి, ఇష్టంతోనే వచ్చాను.” కొందరు ఆశ్రయమిచ్చిన హోం నుంచి పారిపోయి మళ్లీ ఆ వ్యభిచార గృహానికే చేరతారు. “అలవాటు పడిపోయింది” అనేస్తాం మనం. ఆ మాట నాకు చాలా క్రూరంగా తోస్తుంది.

ఏం చెప్పాలో ఆ గృహం నడిపేవాళ్లు ముందే నేర్పి ఉంచుతారు. ఆమెను కొన్న సొమ్ము ఆమె పేరిటే అప్పుగా రాస్తారు. తిండి, బట్టలు, మందులు అందులోనే కలుస్తాయి. ఎంత సంపాదించినా ఆ బాకీ తీరదు. పారిపోతే ఫొటోలు ఊళ్లో పంచుతామంటారు, చెల్లెల్ని లాక్కొస్తామంటారు. అంతకన్నా బలమైన బంధం ఇంకొకటుంది: పెంచిన చేతితో బంధం. 2018లో తెలంగాణలోని యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పోలీసులు విడిపించినవాళ్లలో బడికి వెళ్లే వయసైనా రాని ఆడపిల్లలున్నారు. తొందరగా ఎదగాలని పిల్లలకు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణపై ఒక వైద్యుణ్ణి అరెస్టు చేశారు. అలాంటి చోట పెరిగిన బిడ్డకు అన్నం పెట్టిందీ, కొట్టిందీ, బేరానికి పెట్టిందీ ఒకే మనిషి. “అమ్మా” అని పిలిచిన ఆమె మీద సాక్ష్యం చెప్పమంటే బిడ్డకు నోరెలా పెగులుతుంది?

అందుకే చట్టం ఆ జవాబు దగ్గర ఆగదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో ఇష్టమన్న ప్రశ్నే లేదు. మోసంతోనో బలవంతంతోనో తరలించిన పెద్దవాళ్ల సమ్మతి కూడా చెల్లదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోంది. తన నిర్ణయంతో ఈ పనిలో ఉన్న వయోజన స్త్రీ సంగతి వేరు. దాడుల్లో ఆమెను అరెస్టు చేయకూడదని, వేధించకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎవరు ఏ పరిస్థితిలో ఉన్నారో గంటలో తేలదు. తాళం వేసిన హోంలో, యూనిఫాం ముందు అసలే తేలదు. భయం తగ్గాలి, నిద్ర పట్టాలి, అప్పు చెల్లదని ఎవరైనా నమ్మకంగా చెప్పాలి. వయసు కాగితాలు ఈలోగా వెతకవచ్చు. “ఎందుకు పారిపోలేదు?” అని మాత్రం అడగకూడదు.

పిల్లల మీద ఇలాంటి నేరం జరుగుతోందని తెలిసినా, జరగవచ్చని అనిపించినా పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత. పిల్లల సహాయవాణి 1098కిగాని, అత్యవసర నంబరు 112కిగాని ఫోన్ చేయవచ్చు. బిడ్డ పేరు, ఫొటో, బడి, ఊరు మాత్రం ఎక్కడా బయటపెట్టవద్దు, జాలితో పెట్టే వాట్సాప్ సందేశంలో కూడా.