ఒకే ఒక్క ఐటెమ్ వస్తే మీ కోడ్ ఏమవుతుంది?

‘అన్నా, ఇప్పుడంతా జేసనే కదా, ఎక్స్‌ఎంఎల్ ఇంకా ఎందుకు?’ క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎక్స్‌ఎంఎల్ 1998లో ప్రమాణంగా వచ్చింది. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. అయినా అది పోలేదు. మీరు యూపీఐలో టీ డబ్బులు కడితే బ్యాంకులకూ, ఎన్‌పీసీఐకీ మధ్య నడిచే సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటాయి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ కోసం డౌన్‌లోడ్ చేసుకునే జిప్‌లో ఉండేదీ ఎక్స్‌ఎంఎల్ ఫైలే. ట్యాలీతో వేరే సాఫ్ట్‌వేర్‌ను కలపడానికీ ఎక్స్‌ఎంఎల్‌ను వాడతారు. అంతెందుకు, మీ రెజ్యూమె డాక్స్ ఫైలును కాపీ చేసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపలంతా ఎక్స్‌ఎంఎలే!

కాబట్టి ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘ఈ ఫైలు చదివి డేటాబేస్‌లో పెట్టు’ అనే పని మీకు తగలొచ్చు. దాన్ని సులువు చేసే లైబ్రరీ ఒకటి చూద్దాం. అది ఎక్కడ మోసం చేస్తుందో కూడా చూద్దాం. ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నాను.

పది నిమిషాల్లో వచ్చేస్తుంది

పీహెచ్‌పీలో సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. 2004లో పీహెచ్‌పీ 5తో పాటు వచ్చింది. సాధారణంగా పీహెచ్‌పీతోనే వస్తుంది. ఈ ఫైలు చూడండి. ట్యాగుల పేర్లు తెలుగులో రాశాను, ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం అందుకు ఒప్పుకుంటుంది.

<ఆర్డర్ నంబరు="00417">
  <ఐటెమ్><పేరు>నోట్‌బుక్</పేరు><ధర>60</ధర></ఐటెమ్>
  <ఐటెమ్><పేరు>పెన్ను</పేరు><ధర>10</ధర></ఐటెమ్>
</ఆర్డర్>

పాత డామ్ పద్ధతిలో అయితే ఒక్కో నోడ్‌ను వెతికి, దాని పిల్లల్ని తీసి, అందులోని టెక్స్ట్‌ను మళ్లీ తీయాలి. సింపుల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఫైలును ఒక్క ఫంక్షన్‌తో లోడ్ చేస్తే మొత్తం ఒక ఆబ్జెక్ట్‌గా మారుతుంది. తర్వాత బాణం గుర్తులే:

$ఆర్డర్->ఐటెమ్[1]->ధర

ఇది 10 ఇస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి [1] అంటే రెండో ఐటెమ్. ట్యాగ్ లోపలి యాట్రిబ్యూట్ కావాలంటే $ఆర్డర్['నంబరు'] అంటే చాలు. చైల్డ్ ట్యాగుకు బాణం, యాట్రిబ్యూట్‌కు బ్రాకెట్. అంతే!

850 కాస్తా 8 అయింది

నా మొదటి ఉద్యోగంలో ఇలాంటి ఆర్డర్ ఫైళ్లే చదవాలి. ఆబ్జెక్టుల కంటే అర్రేలు నాకు అలవాటు. అందుకే నెట్‌లో కనిపించిన చిట్కా వాడాను. సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ ఆబ్జెక్టును జేసన్‌గా మార్చి, మళ్లీ అర్రేగా విప్పేయడం. ఒకే లైను. టెస్ట్ చేశాను, పనిచేసింది. నేను టెస్ట్ చేసిన ప్రతి ఫైల్లోనూ మూడు నాలుగు ఐటెములు ఉన్నాయి మరి!

కొన్నాళ్లకు అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్. 850 రూపాయల ఆర్డర్ ఒకటి 8 రూపాయలుగా నమోదైందని. ఆ ఆర్డర్లో ఐటెమ్ ఒక్కటే.

జరిగిందేమిటంటే, రెండు ఐటెములుంటే ఆ చిట్కా ఒక జాబితా ఇస్తుంది. ఒక్కటే ఉంటే జాబితా ఉండదు, నేరుగా ఆ ఐటెమ్ పేరు, ధర వస్తాయి. నా లూప్ ఐటెముల మీద కాకుండా పేరు మీద ఒకసారి, ధర మీద ఒకసారి తిరిగింది. ‘850’ అనే స్ట్రింగ్‌లో మళ్లీ ధర వెతికితే, అప్పటి పీహెచ్‌పీ 7 ఒక హెచ్చరిక ఇచ్చి మొదటి అక్షరం 8ని చేతిలో పెట్టింది. సర్వర్లో హెచ్చరికలు కనిపించకుండా ఆపేసి ఉండటంతో ఎవరికీ తెలియలేదు. పీహెచ్‌పీ 8లో అయితే అదే చోట ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం, కనీసం తెలుస్తుంది.

ఆ రోజంతా పాత ఆర్డర్లు ఒక్కొక్కటిగా సరిచూస్తూ కూర్చున్నాను. తమాషా ఏమిటంటే, లైబ్రరీ తప్పు ఇందులో ఏమీ లేదు. జేసన్ దారి పట్టకుండా నేరుగా $ఆర్డర్->ఐటెమ్ మీద లూప్ తిప్పితే ఒకటి ఉన్నా, పది ఉన్నా, అసలు లేకపోయినా సరిగ్గానే పనిచేస్తుంది. పైగా ఆ చిట్కాతో ఇంకో నష్టం కూడా ఉంది. టెక్స్ట్ ఉన్న ట్యాగుకు యాట్రిబ్యూట్ కూడా ఉంటే, ఆ యాట్రిబ్యూట్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

ఈ నాలుగూ గుర్తుంచుకోండి

1. వచ్చేది విలువ కాదు, ఆబ్జెక్ట్: ధరను ప్రింట్ చేస్తే 10 అనే కనిపిస్తుంది. కానీ మూడు ఈక్వల్స్ పెట్టి '10'తో పోలిస్తే సమానం కాదంటుంది. సెషన్‌లో దాచబోతే ఎర్రర్ వస్తుంది. తీసుకోగానే స్ట్రింగ్‌గానో, నంబరుగానో మార్చుకోండి. 00417 లాంటి వాటిని మాత్రం స్ట్రింగ్‌గానే ఉంచండి. నంబరుగా మారిస్తే ముందున్న సున్నాలు పోతాయి.

2. లేని ట్యాగ్ అడిగినా కసరదు: ‘ధర’ బదులు ‘దర’ అని రాసినా ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. తప్పనిసరి ట్యాగులు ఉన్నాయో లేదో ఇస్‌సెట్‌తో మీరే చూసుకోవాలి. ఫైలే సరిగా లేకపోతే లోడ్ ఫంక్షన్ ఫాల్స్ ఇస్తుంది. దాన్నీ మూడు ఈక్వల్స్‌తోనే సరిచూడండి. ఎందుకంటే ఖాళీ ట్యాగును కూడా పీహెచ్‌పీ ఫాల్స్‌గానే లెక్కేస్తుంది.

3. కోలన్ ఉన్న ట్యాగులు: ట్యాగ్ పేరు ముందు ఇంకో పేరు, కోలన్ కనిపిస్తే అది నేమ్‌స్పేస్. మామూలు బాణానికి దొరకదు. చిల్డ్రన్ అనే మెథడ్‌కు ఆ నేమ్‌స్పేస్ చెప్పి తీసుకోవాలి.

4. పెద్ద ఫైళ్లు, బయటి ఫైళ్లు: సింపుల్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలు మొత్తాన్ని మెమరీలోకి ఎక్కిస్తుంది. భారీ ఫైళ్లకు ఎక్స్‌ఎంఎల్‌రీడర్ మేలు. బయటి నుంచి వచ్చిన ఫైళ్లకు ‘నోఎంట్’ అనే ఆప్షన్ పెట్టొద్దు. పేరు చూస్తే ఎంటిటీలను ఆపేస్తుందనిపిస్తుంది. కానీ చేసేది దానికి ఉల్టా, వాటిని విప్పేస్తుంది. ఆ దారిన మీ సర్వర్లోని ఫైళ్లను బయటివాళ్లు చదివే ప్రమాదం ఉంది.

మాది పైథాన్ అంటారా?

పైథాన్‌లో ఎలిమెంట్‌ట్రీ ముందే ఉంటుంది. ఎల్ఎక్స్‌ఎంఎల్‌లోని ఆబ్జెక్టిఫై చుక్క పెట్టి చదువుకునే సౌకర్యం ఇస్తుంది. చాలామంది వాడే ఎక్స్‌ఎంఎల్‌టుడిక్ట్‌లో నన్ను ముంచిన సమస్యే ఉంది. ఒక్కటే ఉంటే డిక్షనరీ, రెండుంటే లిస్ట్. దానికి ఫోర్స్ లిస్ట్ అనే ఆప్షన్ ఇచ్చారు, మరిచిపోకండి.

ఈ వారాంతం ఒక పని చేయండి. మీకు నచ్చిన వార్తల సైట్ ఆర్‌ఎస్ఎస్ ఫీడ్‌ను సేవ్ చేసుకుని, శీర్షికలు, తేదీలు చదివే చిన్న ప్రోగ్రామ్ రాయండి. తర్వాత ఆ ఫైలుకు నాలుగు కాపీలు చేయండి. ఒకదాంట్లో వార్తలన్నీ తీసేయండి. ఒకదాంట్లో ఒక్కటే ఉంచండి. మూడోదాంట్లో ఒక వార్తకు తేదీ తీసేయండి. నాలుగోదాంట్లో ఒక ముగింపు ట్యాగ్ చెరిపేయండి. నాలుగింటికీ మీ ప్రోగ్రామ్ సరిగ్గా స్పందిస్తే గిట్‌హబ్‌లో పెట్టి, రెజ్యూమెలో రాసుకోండి.

‘ఎక్స్‌ఎంఎల్ చదవడం వచ్చా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే వచ్చని అందరూ అంటారు. ‘ఐటెమ్ ఒక్కటే వస్తే ఏమవుతుందో కూడా పరీక్షించాను’ అని మీరు చెప్పండి. ఆ మాట నేర్చుకోవడానికి నాకు ఒక ఉద్యోగం, 850 రూపాయల ఆర్డర్ కావాల్సి వచ్చాయి. మీకు ఒక వారాంతం చాలు.