గేరు దించితే కుదుపు ఎందుకు? అపోహలు – వాస్తవాలు

నాచారం పారిశ్రామికవాడ నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్లే దారిలో లారీ వెనక నెమ్మదించాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, మళ్లీ కదలాలి. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కితే, 2018లో మొదలైన నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి దారిని ఇరుకు చేశాయి. ఇలాంటి రోడ్ల మీద గేరు దించడం అడుగడుగునా తప్పదు. నేను నేర్చుకునే రోజుల్లో మూడు నుంచి రెండుకు దించిన ప్రతిసారీ వెనక కూర్చున్న అమ్మ ముందు సీటు గట్టిగా పట్టుకునేది. నాకు డ్రైవింగ్ అబ్బదేమోనని దిగులుపడ్డాను. కుదుపుకు అసలు కారణం తెలిశాక ఆ దిగులు పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: క్లచ్ ఎంత మెల్లగా వదిలితే అంత మంచిది.

వాస్తవం: కుదుపు పుట్టేది వేగాల తేడాలో. చాలా చిన్న కార్లలో రెండో గేరు నిష్పత్తి సుమారు 1.9, మూడోది 1.3. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో, మూడో గేరులో ఇంజిన్ నిమిషానికి 1,400 చుట్లు తిరుగుతుంటే, రెండో గేరులో రెండు వేల పైచిలుకు తిరగాలి. క్లచ్ నొక్కగానే ఇంజిన్ వేగం పడిపోతుంది. అలాగే వదిలేస్తే ఆ తక్కువైన చుట్లను చక్రాలే లాగి పెంచాలి. మనకు తగిలే కుదుపు ఆ లాగుడే. మెల్లగా వదిలితే కుదుపు తగ్గే మాట నిజమే, కానీ ఆ భారమంతా క్లచ్ ప్లేటు మీద రాపిడిగా పడుతుంది. మందు కుడికాలి దగ్గరుంది. క్లచ్ నొక్కి రెండో గేరు వేశాక, ఎక్సలేటర్‌ను కాస్త తాకి, ఇంజిన్ చుట్లు చూపే ముల్లు 2,000 దగ్గరికి రాగానే క్లచ్ వదలాలి.

అపోహ: ఇప్పటి కార్లలో సింక్రోమెష్ ఉంది, ఇంజిన్ వేగం సంగతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: 1928లో కాడిలాక్ కార్లతో వచ్చిన సింక్రోమెష్ గేరుబాక్సు లోపలి వేగాలను మాత్రమే కలుపుతుంది. గరగరమనకుండా గేరు పడేది దాని పుణ్యమే. రెండుసార్లు క్లచ్ నొక్కే పాత పద్ధతి కూడా అందువల్లే అవసరం లేకుండా పోయింది. క్లచ్‌కు అవతల ఉన్న ఇంజిన్ వేగాన్ని సరిచేసే పని మాత్రం మనకే మిగిలింది.

అపోహ: ఐదు, నాలుగు, మూడు, రెండు అంటూ వరుసగానే దించాలి.

వాస్తవం: బ్రేకుతో వేగం తగ్గించి, నాలుగు నుంచి నేరుగా రెండుకు రావచ్చు. వేగం తగ్గకముందే దించడమే ప్రమాదం. అరవైలో పొరపాటున మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ వేగం దాని హద్దైన ఎర్రగీతను దాటిపోతుంది. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది చక్రాలు కాబట్టి, ఇంధనం ఆపే రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు.

అపోహ: ఆగాలంటే ముందు క్లచ్ నొక్కాలి, లేదా న్యూట్రల్‌లో దొర్లిస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: ముందు బ్రేకు, చివర్లో క్లచ్. గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలితే, ఇంజెక్టర్లున్న కార్లలో ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది, ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగకుండా ఉండాలంటే పెట్రోలు తాగాల్సిందే. పైగా ఫ్లైఓవర్ దిగేటప్పుడు వేగాన్ని పట్టి ఉంచే ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది. కారు దాదాపు ఆగబోతూ ఇంజిన్ వణకడం మొదలయ్యే ముందు క్లచ్ నొక్కితే చాలు.

సాధన ఎలా?

ఆదివారం తెల్లవారుజామున, లారీలు లేని వేళ, ఖాళీ రోడ్డు చూసుకోండి. డ్రైవింగ్ బాగా వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, 30 దాటకుండా మూడు నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు పదిసార్లు మార్చి చూడండి. ముల్లు కంటే చెవినే నమ్మండి. క్లచ్ వదిలాక ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా పైకి లేస్తే ఎక్సలేటర్ తక్కువ తాకారని అర్థం. కిందికి జారితే ఎక్కువ తాకారు. ఏ మార్పూ వినిపించకపోతే, వెనక కూర్చున్నవాళ్లకు గేరు మారిన సంగతే తెలియదు.